రాళ్ళ షాపు వాడు రాళ్ళు చూడ్డానికి పోయిన నాలుగు రోజులు

మాది తాడిపత్రి, చిన్న గ్రానైట్ పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. పద్దెనిమిదేళ్ళుగా రాయి కోసి పాలిష్ పట్టి అడుగుల లెక్కన అమ్ముకుంటా బతుకుతాండా. రాయి చూస్తే అది యా వైపు క్వారీదో చెప్తా, తట్టి చూస్తే లోపల క్రాక్ ఉందో లేదో చెప్తా, కానీ ఆ రాయి ఎట్లా పుట్టింది అని ఇన్నేళ్ళలో ఒక్క కస్టమర్ అడగలేదు, నాకూ ఆ ఆలోచన రాలేదు. మా పెద్ద పాప ఎమ్మెస్సీ జియాలజీ ఫైనల్ ఇయర్. ప్రాజెక్ట్ కోసం కదిరి దగ్గర ఉండే చాలా పాత నిప్పుకొండ రాళ్ళ శాంపుల్స్ కావాలంది, ఒక్కదాన్నే పంపే పని కాదు కాబట్టి డ్రైవర్‌గా నేను పోయినా. ఈ నాలుగు రోజుల సంగతి మర్చిపోకముందే రాసి పెడతాండా, తప్పులుంటే నావి, కరెక్ట్‌గా ఉండేవన్నీ పాపవి.

మొదటి రోజు: తాడిపత్రి, పులివెందుల, కదిరి

సంక్రాంతి సెలవులు. కనుమ నాడు కాకైనా కదలదు అని మా అమ్మ ఆపేసింది కాబట్టి ముక్కనుమ నాడు పొద్దున ఆరింటికి బయల్దేరినాం. బండి మా పాత జీపు. దానికి హ్యాండ్ బ్రేక్ సరిగ్గా పట్టదు, ఎత్తులో ఆపితే టైరు కింద ఒక రాయి పెట్టాల్సిందే, అది మా ఇంట్లో అందరికీ అలవాటే. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, చివర్లో పని పడుతుంది.

అనంతపురం మీద పోతే రోడ్డు బాగుంటుంది, అయినా పాప పులివెందుల మీదుగానే పోదామంది. ఎందుకంటే ఆ దోవలో పోతే పుస్తకం వెనక పేజీ నుంచి ముందుకి తిప్పినట్టు రాళ్ళ వయసు పెరుగుతా పోతాదంట. నాకు ఏమీ అర్థం కాలేదు, సరే అన్నా. చీనీ తోటలు, అరటి తోటలు, మధ్యలో పొరలు పొరలుగా గుట్టలు. నేను ఆ గుట్టల్ని చూస్తే బండలు లెక్కేస్తా, ఇది ఎన్ని ఇంచీల మందం వస్తాది, లేబర్ ఎంత పడుతుంది అని. పాప మాత్రం "ఇదంతా సముద్రం అడుగు నాయనా, కడప బేసిన్" అంటాంది. కడప బేసిన్ రాళ్ళలో ఒక వరసకి తాడిపత్రి ఫార్మేషన్ అని పేరే ఉందంట! పుట్టినప్పట్నుంచి ఆ ఊర్లోనే ఉండి ఈ సంగతి నాకు యాభై దాటినాక తెలిసింది. అందులో మన్ను పొరల మధ్య లావా, నిప్పుకొండ బూడిద కూడా ఉన్నాయంట.

పులివెందుల దగ్గర ఆపి ఒక నల్ల రాయి చూపించింది, మా భాషలో బ్లాక్ గ్రానైట్ లాంటిది. పొరల మధ్యలోకి కరిగిన రాయి అడ్డంగా దూరిపోయి గడ్డకట్టింది, సిల్ అంటారంట దాన్ని, దాని వయసు సుమారు 188 కోట్ల ఏళ్ళు. నేను "అయితే మనం చూడాల్సిన నిప్పుకొండ ఇదేనా, ఇంక వెనక్కి పోదామా" అన్నా. కాదంట. ఇది భూమి సాగి, పలచబడి, కింద నుంచి వేడి తన్నుకొచ్చినప్పుడు వచ్చిన లావా. మనం పోయేది దీనికన్నా ఇంకా డెబ్బై కోట్ల ఏళ్ళు పాతది, అది పుట్టిన కారణమే వేరు, లావా అంటే అంతా ఒకటి కాదు, అని కొంచెం విసుక్కుంది. బ్లాక్ గ్రానైట్ అనేది అసలు గ్రానైటే కాదు డోలరైట్ అని కూడా అప్పుడే చెప్పింది. మరి ఇన్నేళ్ళు బిల్లు మీద ఏం రాసినట్టు నేను.

పులివెందుల దాటి తలుపుల వైపు పోతాంటే ఒక కొండల వరస వస్తుంది, అది దాటితే సీన్ మొత్తం మారిపోతుంది. పొరల గుట్టలు అయిపోయి గుండ్లు, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు. పాప చెప్పిందేందంటే ఆ కొండల కింద రెండు రకాల రాయి కలిసే చోట యాభై కోట్ల ఏళ్ళకు పైగా లెక్క మాయం, ఆ కాలం తాలూకు రాయే లేదు. కింద గుండ్ల రాయి నేల మట్టం దాకా అరిగిపోయి ఉంటే, దాని మీద ఆమైన సముద్రం వచ్చి ఇసుక పరిచింది. ఇంక మనం కింది అంతస్తులోకి దిగినాం అంది.

సాయంత్రానికి కదిరి. నరసింహస్వామి దర్శనం బాగా అయింది. లాడ్జి పేరు రాయను, వేడి నీళ్ళు అడిగితే "మోటర్ పోయింది సామీ" అన్నాడు, దోమలకి మాత్రం యా మోటరూ పోలేదు.

రెండో రోజు: కదిరి చుట్టుపక్కల

పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ఊరికి దగ్గర్లోనే చిన్న గుట్ట, దూరం నుంచి చూస్తే ఏమీ లేదు, గడ్డి, రేగు చెట్లు, మేకలు. అంతకుముందు రోజు చూసిన గుండ్ల ముందర ఇది ఎంత, నా వరకైతే ఇది చెత్త రాయి. పొడుగ్గా పెచ్చులు పెచ్చులుగా లేస్తాంది, బూడిద రంగు మీద ఆకుపచ్చ జీర, బ్లాక్ తీస్తే నిలవదు, పాలిష్ పట్టదు. ఇట్లాంటిది ఎవరన్నా లారీలో తెస్తే గేటు కాడ నుంచే తిప్పి పంపిస్తా. పాప మాత్రం ఆ రాయి మీద కూర్చొని లెన్స్ పెట్టి చూస్తా, "నాయనా ఇదే నిప్పుకొండ" అంది.

కొండ యాడ? నోరు యాడ? ఏమీ లేవు. ఆ పైన ఉండాల్సిన కొండలు ఎప్పుడో అరిగి ఇసుకై పోయినాయి, మిగిలింది ఒక సన్నటి పొడుగాటి పట్టీ మాత్రమే, కదిరి షిస్ట్ బెల్ట్ అంటారు. రాయి పేరు డేసైట్, కొన్ని చోట్ల రయోలైట్. వయసు సుమారు 255 కోట్ల ఏళ్ళు. ఆ వయసు ఎట్లా తెలుసు అంటే, రాతిలో జిర్కాన్ అని ఇసుక రేణువు కన్నా చిన్న గింజలు ఉంటాయి, పుట్టేటప్పుడే యురేనియం కొంచెం లోపల పెట్టుకుంటాయి, అది నెమ్మదిగా సీసంగా మారతా ఉంటాది, సగం మారడానికి 447 కోట్ల ఏళ్ళు పడుతుంది, అందుకని ఎంత మారింది, ఎంత మిగిలింది చూసి వెనక్కి లెక్కేస్తారు. మా దగ్గర అప్పు వడ్డీ లెక్క ఇట్లాంటిదే, కాకపోతే మేము రూపాయిల్లో వేస్తాం.

ఇప్పుడు అసలు ముచ్చట. ధార్వాడ్ అనే ఈ పాత నేల రాళ్ళలో ఇట్లాంటి పట్టీలు చాలా ఉన్నాయంట, కర్ణాటక నుంచి మన రాయలసీమ దాకా, కోలార్ కూడా అందులోదే. వాటిల్లో ఎక్కువ భాగం బసాల్ట్, అంటే సిలికా యాభై శాతం అటూ ఇటూగా ఉండే నల్లటి లావా. కదిరి మాత్రం తేడా. ఇక్కడ బసాల్ట్ కొంచెమే, మిగతాదంతా సిలికా అరవై మూడు, డెబ్బై శాతం దాటిన డేసైట్, రయోలైట్. అదే ఈ అమ్మాయి ప్రాజెక్ట్. అట్లాంటి లావా ఎక్కువగా రావాలంటే సముద్రం మధ్యలో కాదు, ఖండం అంచున నిప్పుకొండల వరస లేస్తాండాలి, దక్షిణ అమెరికాలో ఇప్పటి ఆండీస్ కొండల మాదిరి. సముద్రం నేల ఖండం కిందికి దూరిపోతా ఉంటే పైన ఆ వరస లేస్తాదంట.

నేను అడిగినా, కింద పోయిన రాయి ఆ వేడికి కరిగి పైకి వస్తాదా అని. అందరూ ఇట్లానే అనుకుంటారంట, తప్పంట. "ప్రొద్దుటూరులో బంగారం కరిగించేటప్పుడు వెలిగారం ఎందుకు వేస్తారు నాయనా?" అంది. తొందరగా కరగడానికి. "అదే ఇది. సముద్రం నేల కోట్ల ఏళ్ళు నీళ్ళలో నాని నాని ఉంటాది, కిందికి సుమారు వంద కిలోమీటర్లు దిగే పాటికి ఆ నీళ్ళు పిండినట్టు బయటికి వస్తాయి. పైనుండే రాయి అప్పటికే బాగా వేడి మీద ఉంటాది కానీ కరగదు, ఒత్తిడి కదా. ఈ నీళ్ళు తగిలేసరికి కరిగే వేడి తగ్గిపోతాది, మంట పెంచకుండానే కరుగుతాది." నీళ్ళు పోస్తే నిప్పు ఆరుతాది అనుకునే వాణ్ణి, నీళ్ళు పోస్తేనే నిప్పుకొండ పుడుతుంది అంటే నమ్మడానికి ఒక టీ తాగాల్సి వచ్చింది.

మళ్ళీ అందులోనే, 255 కోట్ల ఏళ్ళ కింద అట్లా జరిగింది అని నీకెట్లా తెలుసు అన్నా, నువ్వు చూసినావా. దానికి ఆమె చెప్పింది, కింద పోయే పలక, అంటే ఆ సముద్రం నేల, నీళ్ళతో పాటు కొన్ని మూలకాల్ని పంపిస్తాది, కొన్నిటిని తన దగ్గరే గట్టిగా పట్టుకుంటాది. నయోబియం అనేది పట్టుకునే రకం. అందుకని అట్లాంటి చోట పుట్టిన లావాలో పక్క మూలకాలు ఉండాల్సినంత ఉంటాయి, నయోబియం మాత్రం గుంట పడినట్టు తక్కువ ఉంటాది. ఆండీస్‌లో ఆ గుంట ఉంది. మన అండమాన్ దగ్గర బారెన్ ఐలాండ్ కూడా ఇదే రకం నిప్పుకొండ, 1991లో నూట యాభై ఏళ్ళకు పైగా నిద్రపోయి లేచింది చూడు, అది మన దేశపు పలక బర్మా వైపు పలక కిందికి దూరుతాంటే లేచిందే. కదిరి రాళ్ళలో కూడా అదే గుంట. హైదరాబాద్‌లో భూమి మీద పరిశోధన చేసే ఎన్‌జీఆర్‌ఐ సైంటిస్టులు ఈ ప్రాంతం పట్టీల మీద ఇట్లాంటి లెక్కలు చాలా వేసి పేపర్లు రాసినారంట. అయితే అందరూ ఒప్పుకోరు. ఆ కాలంలో భూమి లోపల ఇంకా వేడిగా ఉండేది, పలకలు ఇప్పటి మాదిరి కదిలినాయా, లేక కింద నుంచి వేడి స్తంభాలు పొంగి ఇదంతా చేసినాయా అని ఇప్పటికీ కొట్లాడుకుంటాండారు, రెండూ కలిసి జరిగినాయి అనేవాళ్ళూ ఉన్నారు. మా పాప పలకల పార్టీ. గైడ్ సార్ ఎదురుగా మాత్రం మధ్యలో ఉంటాదంట, మార్కులు కావాల కదా.

సుత్తి శబ్దానికి పొలం నుంచి ఒక పెద్దాయన వచ్చినాడు, వెనకాల ఇద్దరు కుర్రోళ్ళు. సుత్తి, కంపాస్, మ్యాప్ చూసి గుప్తనిధుల వాళ్ళని అనుకున్నట్టుంది. "యావూరప్పా మీది, ఈడ ఏం తవ్వుతాండారు?" మా వైపు ఈ ప్రశ్నకి జాగ్రత్తగా జవాబు చెప్పాల, గుడి రాళ్ళు పగలగొట్టే దొంగలు అంత తిరుగుతారు. తాడిపత్రి, రాళ్ళ ఫ్యాక్టరీ అని చెప్పినా. అది ఇంకా తప్పైపోయింది, క్వారీ పెట్టడానికి వచ్చినారు అనుకున్నాడు. చివరికి పాప ఐడీ కార్డు చూపించి, "తాతా, ఈడ ఒకప్పుడు సముద్రం ఒడ్డు, మీ గుట్ట నిప్పుకొండ" అని మొత్తం చెప్పింది. ఆయన విన్నాడు, తలపాగా తీసి గుట్ట వైపు చూసినాడు. "ఎనిమిది నూర్ల అడుగులు బోరేసినా తేమ తగల్లా పాపా, సముద్రం అంటాండావా," అన్నాడు. ఆమైన మాకు ఒక సంచి పచ్చి కందికాయలు ఇచ్చినాడు, వద్దన్నా జీపులో పెట్టించినాడు.

ఆ గుట్ట మీద పదమూడు శాంపుల్స్. ఒక్కోటి కొబ్బరికాయంత, మార్కర్‌తో కె-1, కె-2 అని రాసి బట్ట సంచిలో వేయాల, పక్కన కాయితంలో ఎక్కడ తీసిందీ, జీపీఎస్ నంబర్, రాయాల. కె-7 మంచి ముక్క, బూడిద రంగు మీద తెల్లటి గింజలు చుక్కలు చుక్కలుగా. ఆ తెల్ల గింజలు లావా బయటికి రాకముందే లోపల గట్టిపడినవి అంట, మిగతాది పైకొచ్చి ఒక్కసారిగా చల్లారింది. ఒకచోట చిన్నా పెద్దా ముక్కలు కలిసి అతుక్కుని, తర్వాత ఒత్తిడికి సాగిపోయి ఉన్నాయి. అది పేలినప్పుడు ఎగిరిపడినవి.

పేలడం ఎందుకో రాత్రి సంగటి తింటాంటే అర్థమైంది. బసాల్ట్ లావా అంబలి మాదిరి, గాలి బుడగలు ఉన్నా సులభంగా బయటికి పోతాయి, పారతాది. రయోలైట్ లావా సంగటి మాదిరి చిక్కగా ఉంటాది, లోపల ఆవిరి ఇరుక్కుపోతాది. సంగటి ఉడికేటప్పుడు బుళక్కుమని ఎగిరి చెయ్యి కాల్చేది అందుకే కదా. మా ఆవిడకి ఫోన్ చేసి చెప్తే, "నా చెయ్యి ఇన్నిసార్లు కాలింది, అప్పుడు ఎవరూ పేపర్ రాయలేదే" అంది.

ఆ రోజే మధ్యాహ్నం తర్వాత తిమ్మమ్మ మర్రిమాను కూడా చూసినాం, కదిరి వచ్చి అది చూడకుండా పోతే బాగుండదు. దాదాపు ఐదెకరాలు పరుచుకున్న ఒకే చెట్టు, 1989లో గిన్నిస్ బుక్కు ఎక్కింది. ఊడలు దిగి నేలలో పాతుకుని అవే మానులైపోయినాయి, అసలు మాను యాడుందో వెతకాల. పాప ఆ నీడలో కూర్చొని ఖండం కూడా ఇట్లానే పెరిగింది నాయనా అంది, అంచున కొత్త ఊడ దిగుతాది, అది గట్టిపడి మానవుతాది, దాని అవతల ఇంకోటి. కోతులు మా కందికాయల సంచి కోసం చూస్తాండాయి, ఎక్కువసేపు కూర్చోలేదు.

మూడో రోజు: రామగిరి

ధర్మవరం మీదుగా రామగిరి. దూరం నుంచే గాలి మరలు కనపడతాయి, కొండల మీద వరసగా, సగం తిరుగుతాండాయి సగం నిలబడిపోయినాయి. ఇక్కడి రాళ్ళు కదిరి కన్నా పాతవి, నిప్పుకొండ రాళ్ళు కొన్ని సుమారు 270 కోట్ల ఏళ్ళవి. రెండిటికీ మధ్య పదిహేను కోట్ల ఏళ్ళ తేడా. నేను "పదిహేనే కదా" అన్నా, రెండ్రోజుల్లోనే మనిషికి కోట్లు అలవాటైపోతాయి. డైనోసార్లు పోయి ఇప్పటికి ఆరున్నర కోట్ల ఏళ్ళే అయింది నాయనా అంది. నోరు మూసుకున్నా.

రామగిరి అంటే మా తరానికి బంగారు గని. బ్రిటిష్ వాళ్ళ కాలంలో తవ్వినారు, ఆపేసినారు, మళ్ళీ 1980లలో భారత్ గోల్డ్ మైన్స్ వాళ్ళు తవ్వినారు, కోలార్ 2001లో మూతపడింది, ఇదీ మూతపడి ఇరవయ్యేళ్ళు దాటిపోయింది. గని లోపలికి పోయేది లేదు, బయట నుంచే పాడుబడిన కట్టడాలు, తెల్లగా పిండి మాదిరి మట్టి దిబ్బలు. టీ కొట్టు కాడ ఒకాయన వాళ్ళ నాయన లోపల పని చేసేవాడని, జీతం రోజు ఊరంతా పండగ అని చెప్తా ఉంటే గంట కూర్చుండిపోయినాం. పాప నోట్‌బుక్‌లో ఆ గంటకి ఏమీ లేదు, నాకైతే ఈ ట్రిప్‌లో మంచి గంట అదే.

బంగారానికీ నిప్పుకొండకీ ఏం సంబంధం అంటే, బంగారం లావాతో సరాసరి వచ్చి గడ్డకట్టలేదు. నేల ముక్కలు ఒకదానికొకటి ఒత్తుకుని అతుక్కునేటప్పుడు రాయి చీలుతాది, ఆ చీలికల్లో లోపలి నుంచి వేడి వేడి నీళ్ళు పైకి పోతా కొంచెం కొంచెంగా బంగారం మోసుకొస్తాయి, చల్లబడే చోట తెల్ల క్వార్ట్జ్‌తో పాటు వదిలేసి పోతాయి. అందుకే గనుల వాళ్ళు తెల్ల చారని పట్టుకుని లోపలికి పోతారు.

అతుక్కోవడం అనే మాట ఇక్కడ ముఖ్యం అంట. రామగిరి పట్టీకి తూర్పున ఉండే రాయి, పడమట ఉండే రాయి చూడ్డానికి ఒకటే గుండ్లు, నేనైతే రెండిటికీ ఒకే రేటు కడతా. జిర్కాన్ లెక్కలు తీస్తే రెండిటి కథా వేరు, వేరే వేరే చోట్ల పుట్టి తర్వాత వచ్చి గుద్దుకుని ఒకటైనాయి. 1999లోనే ఈ లెక్క తేలిందంట, మన తూర్పు ధార్వాడ్ నేల మొత్తం ఇట్లా ముక్కలు చేరి చేరి ఏర్పడిందని. మేము నిలబడిన చోట, ఒక పక్క చెనిక్కాయ పొలం, ఇంకో పక్క గాలి మర, మధ్యలో రెండు నేలలు కలిసిన కుట్టు ఉంది. కుట్టు మాత్రం కనపడలేదు. ఎండకి పాప మొహం కందిపోయింది, నేను టవల్ తడిపి ఇచ్చినా, దాంతో శాంపుల్ తుడిచింది.

పెనుకొండ కూడా చూడాలనుకున్నాం, అక్కడ నల్ల డైక్ ఒకటి దాదాపు 237 కోట్ల ఏళ్ళది ఉంది, ఈ నిప్పుకొండలన్నీ చల్లారి నేల గట్టిపడినాక అది పగిలి, ఆ పగుళ్ళలోకి ఎక్కిన రాయి, బ్లాక్ గ్రానైట్ అనేవి చాలా వరకు అట్లాంటి డైక్‌లే. టైరు పంక్చర్ అయింది. అనంతపురం చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర.

నాలుగో రోజు: గుత్తి, ఎర్రగుడి, జొన్నగిరి, ఇల్లు

గుత్తి కోట కింద ఎత్తులో జీపు ఆపినాం. కోట ఎక్కలేదు, పాపకి కొండ అడుగు చాలంట. ఇక్కడ నాకు ఉషారు వచ్చింది, ఎందుకంటే ఇది నా రాయి, గ్రానైట్. గింజ ఎంత, రంగు ఎంత, పాలిష్ ఎట్లా వస్తాది, అన్నీ నేను చెప్తాంటే ఫస్ట్ టైమ్ పాప రాసుకుంది. ఆమైన తను చెప్పింది. కలకండ చేసేటప్పుడు పాకం నెమ్మదిగా చల్లారితే పెద్ద పెద్ద స్పటికాలు వస్తాయి, గబుక్కున చల్లారిస్తే రావు. గ్రానైట్‌లో గింజ పెద్దగా ఉంది అంటే అది బయటికి రాలేదు, భూమి లోపల కిలోమీటర్ల లోతులో లక్షల ఏళ్ళు మెల్లగా చల్లారింది. పైన కదిరి మాదిరి నిప్పుకొండలు పేలతాంటే కింద వాటి కడుపులో మిగిలిపోయిన కరిగిన రాయి ఇదే. ఈ వైపు గ్రానైట్లు చాలా వరకు 250 నుంచి 260 కోట్ల ఏళ్ళ మధ్యవి, కొంతమంది సైంటిస్టులు ఈ మొత్తాన్ని కలిపి ధార్వాడ్ బాతోలిత్ అని, ఖండం అంచున లేచిన నిప్పుకొండల వేరు అని అంటారు. పైన ఉండే కొండలు అరిగిపోయి వేర్లు బయటపడినాయి.

అంటే పద్దెనిమిదేళ్ళుగా నేను చదరపు అడుగు లెక్కన అమ్మింది నిప్పుకొండ కడుపు, గేటు నుంచి తిప్పి పంపింది నిప్పుకొండ తల. వంటింటి గట్టు మీద, బాత్రూమ్ గడపల్లో, గుడి మెట్లలో, బెంగళూరు అపార్ట్‌మెంట్ల లిఫ్ట్ పక్కన... ఎన్ని వేల అడుగులు పోయిందో. ఒక బండ మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడినా. పాప ఫోటో తీసింది, మా ఆవిడకి పంపింది, "ఏమైంది ఆయనకి" అని రిప్లై వచ్చింది.

గుత్తి నుంచి పత్తికొండ దోవలో ఎర్రగుడి, అశోకుడి శాసనాలు. బండల మీద బ్రాహ్మి అక్షరాలు, ఒక శాసనంలో కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి, మడక తిప్పి దున్నినట్టు చెక్కినారు. వీటిని 1920ల చివర్లో మొదట గుర్తుపట్టింది ఒక జియాలజిస్ట్ అంట, రాయి కోసం వచ్చి రాత చూసినాడు. పాప దీనికి చాలా గర్వపడింది, తనేదో చూసినట్టు. రెండువేల రెండొందల ఏళ్ళ పైన పాతవి ఈ అక్షరాలు, నాలుగు రోజుల కింద అయితే అబ్బో అనేవాణ్ణి, ఇప్పుడు మొన్న చెక్కినట్టు అనిపించింది.

జొన్నగిరి. వానాకాలం మొదలైతే ఈ చుట్టుపక్కల పొలాల్లో జనం వజ్రాలు వెతుకుతారు, గుడారాలు వేసుకుని మరీ. జనవరిలో ఎవరూ లేరు, ఒక మేకల ఆవిడ మాత్రం "లేటుగా వచ్చినారే" అంది. వజ్రాలది వేరే కథ, వజ్రకరూరు వైపు వజ్రాల్ని లోపలి నుంచి మోసుకొచ్చిన కింబర్లైట్ రాళ్ళు సుమారు 110 కోట్ల ఏళ్ళవి, నిప్పుకొండల వరసలన్నీ అప్పటికే చచ్చి ఎంతో కాలమైంది. జొన్నగిరిలో మాకు కావాల్సింది ముదురు ఆకుపచ్చ బసాల్ట్, క్లోరైట్ అనే ఖనిజం వల్ల ఆ పచ్చ, చేత్తో రుద్దితే కొంచెం సబ్బు మాదిరి జారుతాది. నిప్పుకొండల వరస లేస్తాంటే దాని వెనక వైపు నేల సాగి అప్పుడప్పుడే చీలడం మొదలైన చోటు గుర్తులు ఈ బసాల్ట్‌లో ఉన్నాయని 2015లో పేపర్ వచ్చింది. కదిరిది బాగా ముదిరిన వరస, జొన్నగిరిలో చీలిక ఇంకా లేత దశలో ఉంది, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే తన ప్రాజెక్ట్‌కి ఒక ఆకారం వస్తాది అంది. నాలుగు ముక్కలు తీసినాం. పొద్దు గుంకుతాంది, మళ్ళీ గుత్తి మీదుగా తాడిపత్రి, చీకట్లో యాడా ఆపలేదు.

ఇంటికొచ్చి సంచులు దింపుతాంటే మా ఆవిడ వాకిట్లో నిలబడి, వెనక షెడ్డు నిండా రాళ్ళుంటే డీజిల్ పోసుకుని పోయి రాళ్ళు తెచ్చినారా అని ఒక్క మాట అని లోపలికి పోయింది. పాప లైటు కింద అన్నీ వరసగా పెట్టి లిస్టు చూస్తాంది. కె-6 ఉంది. కె-8 ఉంది. కె-7 లేదు. మళ్ళీ మళ్ళీ సంచులన్నీ బోర్లించి చూసింది, సీటు కింద చూసింది. నేను మెల్లగా ఒక అడుగు వెనక్కి వేసినా. గుత్తి కోట కింద ఎత్తులో జీపు ఆపినప్పుడు, అందిన రాయి టైరు కింద పెట్టి, బయల్దేరేటప్పుడు తీయడం మర్చిపోయింది నేనే కదా.

రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు కదిరికి ఇంకోసారి పోదాం అని తనే అంది, ఈసారి హ్యాండ్ బ్రేక్ చేయించినాకే అని షరతు. మెకానిక్ ఆదివారం రమ్మన్నాడు. ఈలోపు ఎవరన్నా జియాలజీ వాళ్ళు గుత్తి పోతే, కోట గేటు దారిలో గ్రానైట్ గుండ్ల మధ్య కొబ్బరికాయంత కదిరి డేసైట్ కనపడితే కొత్త థియరీ ఏం రాయొద్దండి, తిప్పి చూడండి, అడుగున నల్ల మార్కర్‌తో కె-7 అని ఉంటాది.